మట్టిలో తడి చూడటం

సెరామిక్స్ బేసిక్ కోర్సులో చేరేవాళ్లంతా సారె మీద కూర్చోవడానికే వస్తారు. ఎలక్ట్రిక్ వీల్ తిరుగుతుంటే తడి చేతుల మధ్య నుంచి మట్టి గోడగా లేవడం ఫోన్లో చూసి ఉంటారు. చూడముచ్చటైన పనే, కాదనను. అయినా మా స్టూడియోలో మొదటి వారం ఎవరినీ సారె ముట్టుకోనివ్వను. ఒక కప్పు సారె మీద ఉండేది పది నిమిషాలు. అందులో కాఫీ పోసుకుని తాగడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మధ్య కాలమంతా మనం చేసేది మట్టిలో తడి ఎంతుందో పసిగట్టడం, ఆ తడికి తగిన పని ఆ వేళకే చేయడం. హైదరాబాద్‌లో స్టూడియో నడుపుతూ, కొత్తవాళ్లకు నేర్పుతూ ఇన్నేళ్లలో నేను గట్టిగా నమ్మింది ఇదే. తడి చూడటం వచ్చినవాళ్లకు సారె ఆలస్యంగానైనా వస్తుంది. అది రానివాళ్లు ఎంత అందమైన ఆకారం తీసినా, అర మీద పెట్టిన మూడో రోజుకు దానికి బీట కనిపిస్తుంది.

మొదటి రోజు గోళ్లు కత్తిరించుకుని రండి. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టి రండి. పాత చొక్కా, ఒక తువ్వాలు చాలు. పనిముట్లు ఇప్పుడే కొనొద్దు. ఆన్‌లైన్లో అమ్మే కిట్టులో సగం ముక్కలు మీరు ఎప్పటికీ వాడరు. కోసే తీగ, సూది, స్పాంజి, చెక్కడానికి ఒక లూప్ టూల్ ఉంటే పని నడుస్తుంది. గోడ నున్నగా తీయడానికి రిబ్ కావాలంటే గడువు తీరిన ఏటీఎం కార్డును అర్ధచంద్రంగా కత్తిరించుకోండి. నా చేతిలో ఇప్పటికీ ఉండేది అదే.

ముందు మట్టి సంగతి. మనం వాడేది స్టోన్‌వేర్ బాడీ. చెరువులోంచి తెచ్చిన మట్టిలా ఒకచోట దొరకదు, నాలుగైదు రకాలు కలిపి తయారుచేస్తారు. బాల్ క్లే జిగురునిస్తుంది. చైనా క్లే తెలుపునూ, పెద్ద వేడిని తట్టుకునే గుణాన్నీ ఇస్తుంది. క్వార్ట్జ్ మంటలో గోడ కుంగకుండా నిలబెడుతుంది. ఫెల్డ్‌స్పార్ 1200 డిగ్రీల దరిదాపుల్లో కరిగి, మిగతావాటి సందుల్లోకి పారి, అన్నిటినీ అతికిస్తుంది. అందుకే స్టోన్‌వేర్ కప్పులో నీళ్లు ఇంకవు. కుండలో మాత్రం ఇంకాలి. ఆ చెమ్మ బయటికొచ్చి ఆవిరవడం వల్లనే రంజన్‌లో నీళ్లు చల్లబడతాయి. రెండూ మట్టి పాత్రలే అయినా రెండిటి లెక్క వేరు.

ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే ఉంది. గూడూరు వైపు అభ్రకం గనుల నేలలో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ దొరుకుతాయి. అన్నీ మన దగ్గరే ఉన్నా, మా స్టూడియోకు సంచులు గుజరాత్ నుంచే వస్తాయి. ఒకసారి ఒక వ్యాపారి చెప్పాపెట్టకుండా కలపడంలో ఏదో మార్చి పంపాడు. సంచి అదే, దాని మీది ముద్ర అదే. గాజు పూత వేసి కాల్చే గ్లేజ్ ఫైరింగ్ అయ్యాక కిల్న్, అంటే కాల్చే బట్టీ, తెరిస్తే ప్రతి గిన్నె గోడలోనూ పొక్కులు. ఒక బ్యాచ్ విద్యార్థుల కష్టమంతా అందులో ఉంది. అప్పటి నుంచి ఏ సంచి వచ్చినా ముందు దాన్నుంచి ఒక చిన్న పలక చేసి, తడిగా ఉండగానే మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి కాలుస్తాం. కాలిన తర్వాత గీత 8.8 అయిందంటే ఆ మట్టి నూటికి పన్నెండు పాళ్లు కుంచించుకుపోయిందన్నమాట. మీరూ మీ మొదటి సంచితో ఇదే చేయండి. ఏ పుస్తకంలోని అంకె కన్నా మీ పలక చెప్పిన అంకె మీకు పనికొస్తుంది.

ఈ పలక అలవాటు నాకు మా టీచర్ నేర్పింది. ఆవిడ పుదుచ్చేరి ఒరవడిలో తయారైన మనిషి. డెబొరా స్మిత్, రే మీకర్ 1971లో అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. ఇవాళ మన దేశంలో స్టూడియో పాటరీ చేసేవాళ్లలో చాలామంది అక్కడో, అక్కడ నేర్చుకున్నవాళ్ల దగ్గరో పని పట్టుకున్నారు. అంతకు ముందు తరంలో సర్దార్ గురుచరణ్ సింగ్ జపాన్ వెళ్లి ఈ విద్య నేర్చుకొచ్చి, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ పెట్టారు. మా టీచర్ తరగతి మొదలయ్యేది నోటుబుక్కుతో. తేదీ, మట్టి బరువు, ఆరోజు ఎండా వానా, ఎంతసేపు కప్పి ఉంచాం, ఎప్పుడు తెరిచాం అన్నీ రాయించేది. విసుక్కుంటూ రాసినవాళ్లమే, ఇప్పుడు మా విద్యార్థులతో రాయిస్తున్నాం.

నాకు రెండో గురువు సంగారెడ్డి వైపు పల్లెలో ఒక కుమ్మరి తాత. ఆయన దగ్గర పలకా లేదు, నోటుబుక్కూ లేదు. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు మట్టి తవ్వి తెచ్చుకుని, నానబెట్టి, ఇసుకా బూడిదా కలిపి కాళ్లతో తొక్కేవాడు. బరువైన సారెను కర్రతో తిప్పి వదిలితే, అది ఆగేలోగా కుండ మూతి, మెడ, భుజం తీసేవాడు. అడుగు ఉండేది కాదు. గోడ మందంగా వదిలేసి నీడన పెట్టి, అది సగం ఆరాక లోపల నున్నటి రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ కొడుతూ అడుగు మూసేవాడు, పొట్ట పెంచేవాడు. సారె మీద లోతు చెంబంత ఉన్నది చెక్క దెబ్బలకు బానంత అయ్యేది. ఎప్పుడు కొట్టడం మొదలుపెట్టాలని అడిగాను. "బిడ్డా, బొటనేలు దిగొద్దు. గోరు దిగాలె. గప్పుడు కొట్టు" అన్నాడు. మేం స్టూడియోలో లెదర్ హార్డ్ అని పిలిచే దశను ఇంత కచ్చితంగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు. ఆ మాటే ఇప్పుడు మా గోడ మీద రాసి ఉంటుంది.

ఇక పనిలోకి రండి. సంచిలోంచి తీసిన మట్టిని నేరుగా సారె మీద పెట్టేయొచ్చనుకుంటారు. సంచిలో కూడా తడి అంతటా ఒకేలా ఉండదు. అంచులు గట్టిపడి ఉంటాయి, నడుమ మెత్తగా ఉంటుంది. ఆ తేడా పోగొట్టడానికే వెడ్జింగ్. చపాతీ పిండి పిసికి అలవాటైన చెయ్యి ఇక్కడ అడ్డం పడుతుంది. పిండిని మడిచి నొక్కుతాం. మట్టిని అలా మడిస్తే మడతల్లో గాలి చిక్కుతుంది. మట్టిని ముందుకు తోయాలి, కొద్దిగా వెనక్కి దొర్లించాలి, మళ్లీ తోయాలి. బలం భుజాల నుంచి, ఒంటి బరువు నుంచి రావాలి. మణికట్టుతో తోసేవాళ్లు వారంలో నొప్పితో మానేస్తారు. బల్ల ఎత్తు ముఖ్యం: నిలబడి చేతులు వేలాడేస్తే పిడికిలి తగిలే ఎత్తులో ఉండాలి. వంటింటి గట్టు దీనికి చాలా ఎత్తు.

తోసింది చాలనిపించాక ముద్దను తీగతో నిలువునా కోసి చూడండి. కోత నున్నగా, ఒకే రంగుతో ఉంటే సరిపోయింది. సూదిమొనంత గుంతలుంటే గాలి ఉంది. వేలికి గట్టి ముక్క తగిలితే తడి ఇంకా కలవలేదు. ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది రెండు రకాల మట్టి మిగిలితే ఒక సులువుంది. రెండింటినీ బిళ్లలుగా కోసి పొర మార్చి పొర పేర్చి, ఎత్తి బల్లకేసి కొట్టి, మళ్లీ సగానికి కోసి పేర్చండి. కొద్దిసేపట్లో ఒకటైపోతాయి. మరీ జారుగా ఉన్న మట్టిని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక మీద పరిస్తే అది నీళ్లు పీల్చేస్తుంది. ఆ పలకను మాత్రం ఇనుప పనిముట్టుతో గీకొద్దు. ప్లాస్టర్ రేణువు మట్టిలో కలిస్తే, కాలిన తర్వాత ఎన్నాళ్లకైనా చెమ్మ పీల్చి ఉబ్బి, కుండ పైన పెచ్చు లేపేస్తుంది.

మొదటి వారం చేతి పనే. గుప్పెడు మట్టిని అరచేతిలో పెట్టి, బొటనవేలు గుచ్చి, తిప్పుతూ నొక్కుతూ గిన్నె చేయడం: పించ్ పాట్. గోడ మందం కంటితో కాదు, వేళ్ల మధ్యన తెలియాలి. అందుకని కళ్లు మూయించి చేయిస్తాను. చేతి వేడికి అంచు ఎండి చీలికలు వస్తాయి. వెంటనే అందరూ నీళ్లు రాస్తారు. రాయొద్దు. నీళ్లు రాస్తే పైన జారుడు, లోపల ఎండు. ఆ చీలిక లోపలికే పోతుంది. గిన్నెను తడిగుడ్డ మీద బోర్లించి పది నిమిషాలు వదిలేయండి. అంచుకు తడి తనంతట తానే ఎక్కుతుంది. తర్వాత కాయిల్, స్లాబ్ వస్తాయి. పాముల్లా తాళ్లు చేసి చుట్టడం, అప్పడాల కర్రతో పలకలు వత్తి అతికించడం. అవి చూస్తే వచ్చేస్తాయి, ఎక్కువ చెప్పను.

ఇప్పుడు సారె. ముద్దను సారె మీద బిగించే పలక, అంటే బ్యాట్, మీద గట్టిగా కొట్టి అంటించండి. ఎడమ మోచెయ్యి తొడలోకి నొక్కి పెట్టండి, అది కదలకూడదు. వీల్ వేగంగా తిప్పి, ఎడమ అరచేతి మడమతో పక్క నుంచీ, కుడి చేతి అంచుతో పైనుంచీ ఒకేసారి ఒత్తిడి పెట్టండి. మట్టి చేతిని ఊపుతుంటే ముద్ద ఇంకా నడుమకు రాలేదు, సెంటర్ కాలేదు. చెయ్యి నిశ్చలంగా ఉండి మట్టి దానికింద జారుతుంటే అయింది. అయ్యాక చేతులు మెల్లగా తీయండి. చటుక్కున తీస్తే మళ్లీ పక్కకు పోతుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అనే సామెత ఈ దశలో అందరికీ బోధపడుతుంది.

బలమున్నవాళ్లకు సెంటరింగ్ తొందరగా వస్తుందనుకోవద్దు. మా దగ్గరికి విజయవాడ నుంచి ఒక డెంటల్ టెక్నీషియన్ వచ్చారు. పలచటి మనిషి. కట్టుడు పళ్లకు పోర్సలిన్ పొరలు వేసి కాల్చే పని ఆయనది. సారె మీద కూర్చున్న మొదటిరోజే ముద్ద ఆయన చేతి కింద నిలబడిపోయింది. ఎలాగని అందరూ చుట్టూ చేరారు. "మోచెయ్యి ఆనించకుండా మా ల్యాబ్‌లో ఏ పనీ చేయమండీ" అన్నారు. ఆయన దగ్గర మేం ఇంకొకటి నేర్చుకున్నాం. పంటి పోర్సలిన్ కూడా కాలితే కుంచించుకుపోతుంది కాబట్టి, పన్ను కావలసిన దానికన్నా పెద్దదిగా పేర్చుకుంటారట. మూత ఉన్న జాడీ చేసిన రోజు, మిగతావాళ్లు ఇంట్లో ఉన్న డబ్బా కొలత చూసి చేస్తే, ఆయన పలక మీది గీత చూసి లెక్క కట్టి పెద్దది చేశారు. ఆ బ్యాచ్‌లో కావలసిన కొలతకు వచ్చిన జాడీ అదొక్కటే. ఆ రోజు నుంచి కొలత పాఠంలో ఆయన పద్ధతే చెబుతున్నాను.

సెంటర్ అయ్యాక నడుమ వేలు గుచ్చి తెరవాలి. అడుగు ఎంత మందం మిగిలిందో సూది దించి చూడండి. ఎనిమిది మిల్లీమీటర్లు ఉంచండి, తర్వాత చెక్కుకోవచ్చు. ఇక్కడే చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. అడుగును నడుమ నుంచి అంచుకు, అంచు నుంచి నడుమకు వేలితో గట్టిగా అదమాలి. గోడ లాగేటప్పుడు అదుముడు దానంతటదే పడుతుంది, అడుగుకు ఎవరూ పెట్టరు. అదమని అడుగు ఆరేటప్పుడు నడిమధ్యన వంకర బీట వస్తుంది. ఎస్ క్రాక్ అంటారు. దానికి ఇంకో కారణం లోపల నిలిచిన నీళ్లు. గోడ లాగడం అయిపోగానే స్పాంజితో అడుగున నీళ్లన్నీ తీసేయాలి. నీళ్లు మట్టిని మెత్తబరుస్తూనే ఉంటాయి. కొత్తవాళ్ల సిలిండర్లు కూలిపోవడానికి చేతి వణుకు కన్నా ఎక్కువ కారణం, భయంకొద్దీ పోసుకునే నీళ్లు.

రెండు వారాలపాటు లాగిన ప్రతి సిలిండర్‌నూ తీగతో నిలువునా కోయిస్తాను. బాధపడతారు. కొందరు బతిమాలుతారు. కానీ కోస్తేనే గోడ ఎక్కడ మందమో, ఎక్కడ పలచనో కనిపిస్తుంది. దాదాపు అందరికీ కింద లావు, పైన కాగితం. లాగడం అడుగు నుంచే మొదలుపెట్టాలని నేను నోటితో చెప్పింది ఎక్కదు, కోసిన సగం చెప్పింది ఎక్కుతుంది. మా టీచర్ కూడా నా మొదటి సిలిండర్లన్నీ ఇలాగే కోయించింది.

సారె మీంచి దించిన తర్వాతే అసలు కాపలా మొదలవుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో పొద్దున చేసిన కప్పు అంచు మధ్యాహ్నానికి తెల్లబడుతుంది. అడుగు అప్పటికీ పచ్చిగానే ఉంటుంది. ముందు ఆరిన అంచు ముందే కుంచించుకుపోతుంది, అడుగు తర్వాత కుంచించుకుపోతూ దాన్ని లాగుతుంది. పగిలేది అప్పుడే. కాబట్టి ఎండాకాలంలో అంచు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కప్పి, అడుగుకు గాలి తగలనివ్వాలి. ముట్టుకుంటే వంగనంత గట్టిపడగానే బోర్లించాలి. ఫ్యాను ఆపేయాలి. జూలై ముసురులో దీనికి తలకిందులు: కవర్ తీసేసినా వారం పది రోజులకు గానీ ఆరదు. ఆ తొందరలో ఒకరు కప్పులన్నీ డాబా మీద ఎండలో పెట్టొచ్చారు. మబ్బు విడిచి ఎండ ఒక గంటే కాసింది. ఒక పక్కే తగిలింది. ఎండ తగిలిన వైపుకు కప్పులన్నీ ఒరిగి గుండ్రం పోయింది. ఆ తర్వాత నేను ఎండలో ఆరబెట్టొద్దని ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం ఆ బ్యాచ్‌కు రాలేదు.

పిడి పెట్టడానికి కప్పూ పిడీ ఒకే తడిలో ఉండాలి. కప్పు లెదర్ హార్డ్ అయిన పూట, పిడి లాగి, వంచి, అది కూడా కొంచెం బిగిసేదాకా ఆగాలి. అతికే రెండు చోట్లా సూదితో గాట్లు పెట్టి, అదే మట్టిని నీళ్లలో కలిపిన స్లిప్ రాసి, కొద్దిగా కదుపుతూ నొక్కాలి. గాట్లు పెట్టకుండా స్లిప్‌నే జిగురనుకుని అంటించినవాళ్ల పిడులు అర మీదే ఊడొస్తాయి. అతికాక ఒక రాత్రంతా ప్లాస్టిక్ కవర్‌లో మూసి ఉంచండి. పిడిలో తడి, కప్పులో తడి ఆ రాత్రి సర్దుకుంటాయి. ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టిన రోజు నుంచి మా విద్యార్థుల కప్పుల్లో పిడి బీటలు దాదాపు మాయమయ్యాయి. ఇది నాకు చాలా గర్వంగా ఉండే విషయం.

పూర్తిగా ఆరిందో లేదో తెలుసుకునే ఉపాయం మళ్లీ తాతదే. ఒకసారి ఆయన ఆవం పేరుస్తుంటే పక్కన అందిస్తున్నాను. నేనిచ్చిన కుండను చెంపకు ఆనించుకుని పక్కన పెట్టేశాడు. "ఇంక పచ్చిగనే ఉన్నది బిడ్డా. చెంపకు పెట్టి సూడు, సల్లగ తగుల్తది" అన్నాడు. నిజమే. లోపలి చెమ్మ ఆవిరవుతుంటే పైభాగం చల్లగా ఉంటుంది. ఎండిపోయిన కుండ గది వేడిలోనే ఉంటుంది. మా దగ్గర ఏ వస్తువూ చెంప పరీక్ష దాటకుండా కిల్న్‌లోకి వెళ్లదు.

కిల్న్‌లో గాలిబుడగల వల్ల కుండలు పేలతాయని అందరూ చెబుతారు. పేల్చేది తడి. 100 డిగ్రీలు దాటగానే లోపలి నీళ్లు ఆవిరై, బయటికి దారి దొరక్క గోడను బద్దలు చేస్తాయి. బుడగ ఉన్నా మట్టి పూర్తిగా ఆరి ఉంటే ఏమీ కాదు. బుడగ లేకపోయినా మందమైన అడుగులో చెమ్మ ఉంటే పేలుతుంది. ఒక అమ్మాయి డబ్బులు దాచుకునే ముంత ముచ్చటగా చేసింది, బిళ్ల వేసే చీలిక కాలిన తర్వాత కోస్తానని మూసే ఉంచింది. మాకు చెప్పకుండా అరలో పెట్టేసింది. అది పేలి పక్కనున్న వాటిని కూడా తీసుకుపోయింది. మూసిన ఆకారానికి సూదంత రంధ్రమైనా ఉండాలి, లోపలి తడి పోవడానికి. ఇప్పుడు రాత్రంతా 90 డిగ్రీల దగ్గర నిలిపి, తెల్లవారాకే వేడి పెంచుతాం. ఆ తర్వాత కూడా గబగబా పోకూడదు. 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి కణంలోనే కలిసి ఉన్న నీరు విడిపోతుంది. అది పోయాక ఇక ఎన్ని నీళ్లు పోసినా అది తిరిగి మట్టి కాదు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే సంకోచిస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ అంకె దగ్గర నెమ్మది. మేం ఈ మొదటి కాల్పును, అంటే బిస్క్‌ను, 980 డిగ్రీల దగ్గర ఆపుతాం. అప్పటికి కుండ గట్టిపడుతుంది గానీ ఇంకా నీళ్లు పీలుస్తుంది. గ్లేజ్ అంటుకోవాలంటే ఆ పీల్చే గుణం కావాలి.

గ్లేజ్ అంటే కుండ మీద కరిగి పరుచుకునే గాజు. సిలికా ఒక్కటే అయితే 1700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకని సున్నపురాయి, ఫెల్డ్‌స్పార్ లాంటి ఫ్లక్స్‌లు కలిపి 1220కి దింపుతాం. కారిపోకుండా నిలబెట్టడానికి చైనా క్లే. ఇక్కడా తడే ముఖ్యం. 100 మిల్లీలీటర్ల గ్లేజ్ తూస్తే 145 గ్రాముల దగ్గర ఉండాలి. ఎక్కువుంటే మందంగా పట్టి కింద కారుతుంది, తక్కువుంటే వెలవెలబోతుంది. బిస్క్ మీది దుమ్ము తడిస్పాంజితో తుడిచాక అరపూట ఆరనివ్వండి. తడిసిన బిస్క్ గ్లేజ్ పీల్చదు. ముంచి మూడు లెక్కపెట్టి తీయండి. అడుగు అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర గ్లేజ్ తుడిచేయాలి. తుడవకపోతే కప్పు కిల్న్ పలకకు అతుక్కుంటుంది. పలక ధర కప్పు కన్నా చాలా ఎక్కువ.

మన నేలకు తగిన గ్లేజ్ ఒకటి చెబుతాను. రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద కుప్పలుగా పడి ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం సిలికాయే. జపాన్ కుమ్మరులు వరి ఊక బూడిదతో నుకా అనే పాలతెలుపు గ్లేజ్ చేస్తారు. ఊక బూడిద, కట్టెల బూడిద, ఫెల్డ్‌స్పార్ తలా ఒక పాలు కలిపి మొదలుపెట్టండి. చిన్న పలకల మీద పాళ్లు మారుస్తూ కాల్చి చూడండి. కట్టెల బూడిద కలిపేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, అందులో క్షారం ఉంటుంది. నిజామాబాద్ మిల్లు బూడిదతో నాకు మొదటిసారి మచ్చలేని తెలుపు వచ్చిన రోజు ఆ పలకను టీచర్‌కు పంపాను. ఆవిడ దాన్ని తిరగేసి, వెనక నేను పాళ్లు రాశానా లేదా అని చూసిందట. రాశాను.

కిల్న్ వేడి చూపే మీటర్‌ను ఒక్కదాన్నే నమ్మకండి. అది చెప్పేది ఆ క్షణపు వేడి. మట్టికి ఎంత వేడి ఎంతసేపు ఎక్కిందో చెప్పేది కోన్. జర్మనీలో హెర్మన్ సేగర్ 1886లో రూపొందించిన ఉపాయం ఇది. గ్లేజ్ పదార్థాలతోనే చేసిన చిన్న శంకువు, తగిన వేడి తగినంతసేపు తగలగానే వంగుతుంది. ప్రతి అరలో ఒకటి పెట్టండి. ఫైరింగ్ ముగిశాక 100 డిగ్రీల లోపుకు దిగేదాకా మూత తెరవొద్దు.

మంటకు గాలి అందితే ఒక రంగు, అందకపోతే ఇంకో రంగు. ఇది అర్థం కావడానికి ప్రతి బ్యాచ్‌నూ సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లి చైనా సెలడాన్ అనే ఆకుపచ్చ పళ్లేలు చూపిస్తాను. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఆ పళ్లెం చెప్పేస్తుందని పూర్వం నమ్మేవారు. నేను చూడమనేది ఆ పచ్చదనాన్ని. గ్లేజ్‌లో కొద్దిపాటి ఇనుము, గాలి చాలని మంట, అంతే. అలాగే తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికిన కుండలు బయట ఎరుపు, లోపల, మూతి దగ్గర నలుపు. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక నల్లబడతాయని పండితుల వివరణ. తాతకు నల్ల కుండలు కావాలంటే ఆవాన్ని మూసేసి పొగ పట్టించేవాడు.

ఒక హెచ్చరిక. ఎండిన మట్టిని చీపురుతో ఊడవొద్దు. అందులోని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, సిలికోసిస్‌కు మందు లేదు. తడిగుడ్డతోనే తుడవాలి. పొడి గ్లేజ్ కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి. తిండి పాత్రలకు సీసం ఉన్న గ్లేజ్ వాడొద్దు.

తాత ఇప్పుడు లేడు. ఆయన కొడుకులు పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. బోనాలకు, దీపావళికి, పెళ్లిళ్ల ఐరేని కుండలకు తప్ప ఊళ్లో సారె తిరగడం లేదు. నేను చేసిన కప్పు వందల రూపాయలకు పోతుంది. అంతకన్నా కష్టమైన ఆయన కుండను పది రూపాయలు తగ్గించమని బేరమాడేవాళ్లను నా కళ్లతో చూశాను. ఈ లెక్క నాకు ఏనాడూ సమ్మతం కాలేదు. మా కోర్సు ఫీజులో కొంత, ఒక పూట చెక్క, రాయి పని చూపించడానికి వచ్చే కుమ్మరి పెద్దలకు ఇస్తున్నాం. కోర్సులో నేర్పే టీచర్‌కు ఎంత ఇస్తామో వాళ్లకూ అంతే.

కోర్సు అయిపోగానే వీల్ కొనకండి. ఒక సంచి మట్టి, తీగ, సూది, నాలుగు ప్లాస్టిక్ కవర్లు కొనండి. వీల్ మా దగ్గర గంటల లెక్కన వాడుకోవచ్చు. 400 గ్రాముల ముద్దలు తూచుకుని, ఒకే కప్పు, ఒకే కొలత, ఒకే పిడి చేస్తూ పోండి. ఎప్పుడు కప్పారో ఎప్పుడు తెరిచారో రాసుకోండి. మీ ఊళ్లో ఇంకా ఆవం పెట్టే కుమ్మరి ఉంటే, పేర్చే రోజు అడిగి వెళ్లి పక్కన నిలబడి అందించండి. చెంపకు చల్లగా తగలని కప్పులు మా దగ్గరికి తీసుకురండి, మా కిల్న్‌లో కాల్చిపెడతాను.